కారు వెనక లాగే ట్రైలర్‌లో ఏసీ: దారిలో ఉండగా నడపొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒంగోలు నుంచి ఒకాయన పదహారు అడుగుల ట్రైలర్ చేయించుకున్నారు. అందులో ఒక టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ బిగించారు. డీజిల్ ఎస్‌యూవీతో లాగుతారు. మే నెలాఖర్లో కుటుంబంతో తిరుపతి ప్రయాణం. కారు నడుస్తుండగానే వెనక ఏసీ ఆడాలంటే కారు బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలిస్తే సరిపోతుందా, లేక చిన్న పెట్రోలు జనరేటర్ పెట్టుకోవాలా అని అడిగారు. వాళ్ళ అత్తగారికి మోకాళ్ళ నొప్పులట. ఆవిడను వెనక మంచం మీద పడుకోబెట్టి ఏసీ వేయొచ్చా అన్నది రెండో ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. ఏసీ నడుస్తుంది, కానీ కారు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే భాగం) మీద నేరుగా నడవదు. ట్రైలర్‌లో విడిగా లిథియం బ్యాటరీ ఉండాలి. దారి పొడవునా కారు దాన్ని నింపుతూ రావాలి, ఏసీ ఆ బ్యాటరీ మీద ఆడాలి. కదిలే ట్రైలర్‌లో జనరేటర్ మాటే వద్దు. అత్తగారిని ముందు కార్లోనే కూర్చోబెట్టండి. అలాంటప్పుడు ఖాళీ ట్రైలర్‌లో ఒంగోలు నుంచి తిరుపతి దాకా ఏసీ వేసి ఉంచడం ఎవరి కోసం? దిగే చోటుకు ముప్పావుగంట ముందు వేస్తే చాలు.

నేను నెల్లూరులో బండ్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. మొదలుపెట్టింది రొయ్యల కంటైనర్ బండ్లతో. తర్వాత మొబైల్ క్లినిక్ వ్యాన్లు, ఈమధ్య కారవాన్లు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేరుగా ఎందుకు నడవదో లెక్క చూడండి. ఒక టన్ను ఏసీ ఎండలో పూర్తి జోరు మీద ఆడుతున్నప్పుడు సుమారు 1000 వాట్లు లాగుతుంది. మన మే ఎండలో ఇంకో వంద ఎక్కువే లాగొచ్చు. ఇన్వర్టర్‌లో పదోవంతు వేడిగా పోతుంది. అంటే 12 వోల్టుల వైపు నుంచి దాదాపు 87 ఆంపియర్లు కావాలి. ఇక ఆల్టర్నేటర్ మీద 120 ఆంపియర్లని రాసి ఉందనుకోండి, అది చల్లగా ఉండి, ఇంజన్ మంచి స్పీడులో తిరుగుతున్నప్పటి మాట. బానెట్ కింద వేడెక్కాక 90 దగ్గరికి దిగుతుంది. అందులో కారు ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్, లైట్లు, ఇంజన్ కంప్యూటర్ కలిసి 40, 50 తినేస్తాయి. మిగిలేది నలభై. టంగుటూరు టోల్ గేటు దగ్గర క్యూలో ఐడిల్‌లో నిలబడ్డారా, ఆ నలభై కూడా ఉండదు.

సన్నధార పోసే బోరున్న రైతు నేరుగా పొలానికి పారించడు కదా, తొట్టి నింపుకొని ఒకేసారి వదులుతాడు. ఇక్కడ బ్యాటరీ ఆ తొట్టి.

చిన్న రొయ్యల కంటైనర్లలో కంప్రెసర్‌ను బెల్టుతో ఇంజనే తిప్పుతుంది. పెద్దవాటికైతే ముందు భాగంలో విడిగా డీజిల్ ఇంజన్ ఉంటుంది. ఏసీ బస్సులదీ ఇదే పద్ధతి. ఇంజన్ శక్తిని కరెంటుగా మార్చి, దాన్ని మళ్ళీ 230 వోల్టులు చేసి కంప్రెసర్ తిప్పే పని వాళ్ళెవరూ పెట్టుకోరు. ప్రతి మలుపులోనూ కొంత పోతుంది. మీ ట్రైలర్‌కు ఇంజన్ లేదు, బెల్టు వేసే వీలు లేదు కాబట్టి బ్యాటరీ దారి పట్టక తప్పదు.

బ్యాటరీ ఎంత కావాలి? మీకు 12.8 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఒకటి చాలు. అంటే రెండున్నర యూనిట్ల కరెంటు. అందులో 180 ఆంపియర్ అవర్ల దాకా ధీమాగా వాడుకోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉన్న 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ (యాసిడ్ పోసే) బ్యాటరీ ఎత్తుకొచ్చి పెడదామని చాలామందికి అనిపిస్తుంది. పెట్టబాకండి. ఒక్కొక్కటి యాభై కిలోలకు పైనే ఉంటుంది. గతుకుల్లో యాసిడ్ చిమ్ముతుంది. ఛార్జింగ్ అప్పుడు వచ్చే హైడ్రోజన్ మూసి ఉన్న ట్రైలర్‌లో పోగవుతుంది. పైగా దాని మీద రాసిన 150 అన్నది ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. ఏసీ లాగినట్టు గంటకు తొంభై లాగితే అందులో సగం రావడం కూడా గగనం.

ఇప్పుడు దారి పొడవునా ఏసీ వేస్తే ఏమవుతుందో అదే బ్యాటరీతో చూద్దాం. మంచి ఇన్సులేషన్ ఉన్న ట్రైలర్‌లో మధ్యాహ్నం సగటున 650 వాట్లు అనుకుందాం. బ్యాటరీ నుంచి గంటకు 56 ఆంపియర్లు పోతాయి. కారు నుంచి 30 వస్తాయి. ఒంగోలు నుంచి తిరుపతికి ట్రైలర్ లాగుతూ అయిదు గంటలు వేసుకుంటే 280 ఖర్చు, 150 జమ. అంటే తిరుపతి చేరేసరికి బ్యాటరీలో వాడుకోవడానికి మిగిలేది యాభై. ఏసీ ఆగిపోలేదు, నిజమే. కానీ దారిలో ఎవరూ లేని ట్రైలర్‌ను చల్లబరిచి, మనుషులు లోపలికొచ్చే వేళకు అడుగంటిన బ్యాటరీ చేతిలో పెట్టినట్టయింది. అదే దారిలో ఏసీ వేయకుండా వస్తే బ్యాటరీ నిండుగా ఉంటుంది. రాత్రి 26 డిగ్రీల మీద పెడితే గంటకు 35 ఆంపియర్లకు మించి లాగదు, అయిదు గంటలు హాయిగా నిద్రపోవచ్చు. ప్లగ్ దొరకని చోట ఆ అయిదు గంటల విలువ ఎంతో చెమటలు పట్టినవాళ్ళకే తెలుస్తుంది.

అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. బయల్దేరే ముందు రాత్రి ఇంటి కరెంటుకు పెట్టి బ్యాటరీ నింపండి. తెల్లవారుజామున ఇంటి కరెంటు మీదే ఏసీ వేసి ట్రైలర్‌ను, పరుపుల్ని, లోపలి గోడల్ని బాగా చల్లబరచండి. నాలుగింటికల్లా రోడ్డెక్కితే ఎండ ముదిరేలోపే చాలా దూరం పోతారు. నాయుడుపేట దగ్గర హైవే దిగి, శ్రీకాళహస్తిలో టీకి ఆగుతారు కదా, అక్కడ ఏసీ ఆన్ చేసి తలుపు వేసేయండి. తిరుపతి చేరేసరికి లోపల చల్లగా ఉంటుంది, బ్యాటరీలో ఖర్చయ్యేది మూడో వంతు లోపే. దారిలో నింపింది దాన్ని కొంత భర్తీ చేస్తుంది కూడా.

కారు నుంచి ట్రైలర్‌కు కరెంటు తెచ్చే దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి.

కావలి వైపు నుంచి ఒక బండి నా దగ్గరికి లాక్కొచ్చారు. ఎవరో కారు బ్యాటరీ నుంచి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి లిథియం బ్యాటరీకి నేరుగా కలిపేశారు. లిథియంకు లోపలి రెసిస్టెన్స్ చాలా తక్కువ. ఖాళీగా ఉన్నప్పుడు ఎంతిస్తే అంత మింగుతుంది. ఆల్టర్నేటర్ తన శక్తినంతా దానికే ధారపోస్తూ పోయింది. ఆల్టర్నేటర్ విప్పి చూస్తే స్టేటర్ (లోపల తిరగకుండా ఉండే చుట్ట) రాగి తీగల మీది వార్నిష్ తారులా నల్లబడి, గోటితో గీకితే పొడి రాలుతోంది. డయోడ్ ప్లేటు ఒక పక్క ఉబ్బింది. బెల్టు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది! దాని తప్పేం లేదు పాపం.

మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టి తీరాలి. 30 ఆంపియర్లది చాలు. అది కారు నుంచి ఇంతకు మించి లాగనని హద్దు పెట్టుకుంటుంది. లిథియంకు కావలసిన వోల్టేజీని తనే తయారు చేస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో చాలావాటికి స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది. డీజిల్ ఆదా కోసం కంప్యూటర్ దాని వోల్టేజీని దించుతూ పెంచుతూ ఉంటుంది. అలాంటి బండిలో వోల్టేజీని చూసి ఇంజన్ నడుస్తోందో లేదో పసిగట్టే ఛార్జర్ తికమక పడుతుంది. ఇగ్నిషన్ నుంచి ఒక సన్న వైరు లాగి ఛార్జర్‌కు ఇవ్వండి. తాళం తిప్పితేనే ఛార్జింగ్, ఆపితే బంద్. లేకపోతే టీ తాగి వచ్చేసరికి కారు బ్యాటరీ డౌన్ అయి అందరినీ దిగి తొయ్యమంటారు.

వైరు సంగతి. ట్రైలర్‌కు ఉండే ఏడు పిన్నుల ప్లగ్ లైట్ల కోసమే, దాన్లోంచి ఛార్జింగ్ లాగొద్దు. కారు బ్యాటరీ నుంచి ట్రైలర్ బ్యాటరీకి ఏడు మీటర్లనుకుంటే రానూపోనూ పద్నాలుగు. ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే 30 ఆంపియర్ల దగ్గర దారిలోనే మూడు వోల్టులు పోతాయి. 13 పంపితే 10 చేరుతుంది, ఛార్జర్ అలిగి ఆగిపోతుంది. 16 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది అర వోల్టు. కారుకూ ట్రైలర్‌కూ మధ్య 50 ఆంపియర్ల ఆండర్సన్ ప్లగ్ (ఎక్కువ కరెంటు తట్టుకునే, ఊడదీసే జాయింటు) పెట్టండి. రెండు చివర్లా ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే రెండు చివర్లా బ్యాటరీ ఉంది. వైరు ఎక్కడ ఒరుసుకుపోయినా రెండు వైపుల నుంచీ నిప్పు పుట్టొచ్చు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, ఆరడుగుల అవతల పెడితే ఆ మధ్య వైరుకు కాపలా ఎవరు?

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది, 2 కేవీఏ. మీది ఇన్వర్టర్ ఏసీ కావడం అదృష్టం, కంప్రెసర్ మెల్లగా స్పీడందుకుంటుంది. పాత రకం ఏసీ అయితే స్టార్టింగ్‌లో నాలుగైదు రెట్లు లాగుతుంది, 3 కేవీఏ కూడా ట్రిప్ అవుతుంది. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య కేబుల్ లావుగా, వీలైనంత పొట్టిగా ఉండాలి. ఇంకా బ్యాటరీ కొనలేదంటే 24 వోల్టుల సెట్ గురించి ఆలోచించండి. అదే పనికి ఆంపియర్లు సగమవుతాయి, లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు ముక్కలు) వేడెక్కే బెడద తగ్గుతుంది. 12 నుంచి 24కు ఎక్కించే ఛార్జర్లు దొరుకుతాయి.

సోలార్ అడగలేదు గానీ చెప్తాను. 550 వాట్ల ప్యానెల్ ఒకటి సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. మీ ట్రైలర్ పైన చక్కగా పడుతుంది. బల్లపరుపుగా పడుకోబెట్టి, వేడిలో, నడి మధ్యాహ్నం 350 నుంచి 400 వాట్లు ఇస్తే మంచిదే అనుకోండి. ఏసీని అదొక్కటే నడపలేదు, బ్యాటరీకి తోడుగా ఉంటుంది. ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) తప్పనిసరి, ఎందుకంటే ఏదీ తగిలించనప్పుడు ఆ ప్యానెల్ వోల్టేజీ యాభై దగ్గర ఉంటుంది. నాకు ప్యానెల్‌లో నచ్చేది ఇంకోటుంది. రూఫుకు నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి బిగిస్తే అది రేకుకు నీడ పడుతుంది. ఏసీ మీద భారం అక్కడే తగ్గుతుంది. జిగురుతో అంటించే పని మాత్రం పెట్టుకోవద్దు, హైవే గాలికి లేచిపోతే వెనక వచ్చే మోటార్ సైకిల్ మీద పడుతుంది.

అసలు బ్యాటరీ కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది ఇన్సులేషన్ మీద. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మన రెండు జిల్లాల వాళ్ళకు ఎండ సంగతి ఒకరు చెప్పాలా? ఒక పరీక్ష చేయండి. మధ్యాహ్నం రెండింటికి ట్రైలర్‌ను ఎండలో నిలిపి, లోపల సీలింగ్ మీద అరచేయి ఆనించండి. పది లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే మీ ఏసీ చల్లబరుస్తున్నది మిమ్మల్ని కాదు, రేకుని. రొయ్యల కోల్డ్ రూముల గోడలకు వాడే పఫ్ ప్యానెళ్ళు (రెండు రేకుల మధ్య గట్టి నురుగు ఉండే పలకలు) మన ప్రాంతంలో సులువుగా దొరుకుతాయి. గోడలకు 40 మిల్లీమీటర్లు, పైన 50 వేయించండి. బయట తెల్ల పెయింటు. కిటికీలకు లోపల కర్టెన్ కన్నా బయట వైపు వెండి రంగు షీటు మేలు. ఇది సరిగ్గా ఉంటే పైన చెప్పిన 650 వాట్ల లెక్క నిలుస్తుంది. ఉత్త రేకు, ప్లైవుడ్డే అయితే ఏసీ రోజంతా వెయ్యి వాట్లు లాగుతూనే ఉంటుంది, నా లెక్కలన్నీ తప్పుతాయి.

జనరేటర్ ఎందుకు వద్దంటున్నాను? రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లతో కాపురం చేసేవాళ్ళం, మనకు వాటితో భయం లేదు. కానీ అవి కదలవు, చుట్టూ ఖాళీ ఉంటుంది. పరుగెత్తే ట్రైలర్‌లో పెట్రోలు ట్యాంకు ఊగుతుంది, వేడి సైలెన్సర్ పక్కనే ఉంటుంది, పొగ వెనక్కి తిరిగి ట్రైలర్‌లోకే చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్ళకు అసలు తెలియదు. ఆగిన చోట వాడాలనుకుంటే ట్రైలర్‌కు కనీసం ఇరవై అడుగుల దూరంలో, గాలి అవతలికి వీచే వైపు పెట్టండి. ట్రైలర్ ముందున్న త్రికోణం ఫ్రేము మీద బోల్టు చేసి నడిపించే బండ్లు చూశాను. వాటి యజమానులకు చెప్పినా వినరు.

అత్తగారి సంగతి. చట్టం ఏమంటుందో అటుంచండి. లాగే ట్రైలర్‌లో సీటు బెల్టు లేదు, ఎయిర్ బ్యాగు లేదు. సడన్ బ్రేకు పడితే మంచం మీది మనిషి ఎదురు గోడకు కొట్టుకుంటుంది. లోపల ఏసీ ఆగిపోయినా, ఒంట్లో బాగోలేకపోయినా ముందున్నవాళ్ళకు కేక వినపడదు. నలభై మూడు డిగ్రీల ఎండలో మూసిన పెట్టె ఎంత సేపట్లో వేడెక్కుతుందో మీకు తెలుసు. కార్లో ముందు సీటు వెనక్కి వాల్చి, కాళ్ళ కింద దిండు పెట్టండి. గంటకోసారి ఆగండి, నెల్లూరులో ఎక్కువసేపు ఆగి ఆవిడను ట్రైలర్‌లో పడుకోబెట్టండి. అప్పుడు ఏసీ వేయండి, అందుకే కదా బ్యాటరీ పెట్టుకున్నది. ప్రయాణంలోనే పడుకోవాలంటే ట్రైలర్ కాదు, ఇంజనూ మనుషులూ ఒకే బండిలో ఉండే మోటార్ కారవాన్ చూసుకోవాలి. అందులో ఏసీని ఇంజనే తిప్పుతుంది, ఈ తంటాలేవీ ఉండవు.

దారిలో వేసేటప్పుడు అవుట్‌డోర్ యూనిట్ గురించి కూడా కొంత. చాలామంది దాన్ని ట్రైలర్ ముందు, ఫ్యాన్ కారు వైపు తిరిగేట్టు పెడతారు. ఎనభైలో పోతున్నప్పుడు ఎదురుగాలి ఫ్యాన్‌ను వెనక్కి తోస్తుంది, వేడి బయటికి పోదు, ప్రెషర్ పెరిగి ఏసీ ఎర్రర్ చూపించి ఆగుతుంది. ఏసీ పాడైందనుకుని గ్యాస్ నింపించినవాళ్ళు ఉన్నారు! ఫ్యాన్ పక్కకు తిరిగేలా బిగించండి. కింద రబ్బరు బుష్‌లు వేయించండి. రాగి పైపుకు నట్టు దగ్గర ఒక చుట్టు తిప్పి వదిలితే కుదుపులకు నట్టు వదులై గ్యాస్ పోదు. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల దుమ్ములో తిరిగొస్తే అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ చూడండి, బూడిద రంగు పేరుకుపోతుంది. కొత్తపట్నం, మైపాడు బీచుల దగ్గర రాత్రి ఆపితే మర్నాడు మంచినీళ్ళతో కడగాలి. ఉప్పుగాలికి ముందు పోయేది కాయిల్ కాదు, ఆండర్సన్ ప్లగ్‌లోని స్ప్రింగూ లగ్గులూను.

బ్యాటరీని మంచం కింద, లోపల పెట్టండి. బయట ఇనప పెట్టెలో ఎండకు మగ్గితే దాని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) వేడి తట్టుకోలేక ఛార్జింగ్ ఆపేస్తుంది. దారంతా నిండుతోందనుకుని వస్తారు, చేరాక చూస్తే ఖాళీ. అందుకే డ్రైవరు ముందు ఒక చిన్న మీటరు, లేదా ఫోన్‌లో బ్లూటూత్ యాప్ ఉండాలి. ముప్పై చూపించాల్సింది సున్నా చూపిస్తే కావలిలోనే తెలిసిపోతుంది.

సత్రంలోనో, బంధువుల ఇంట్లోనో కరెంటు తీసుకునేటప్పుడు 16 ఆంపియర్ల ప్లగ్ నుంచే, మందం వైరుతో తీసుకోండి. ఆరు ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు కరిగిపోతుంది. ఇంటి కరెంటుకూ ఇన్వర్టర్‌కూ మధ్య చేంజ్ ఓవర్ స్విచ్ ఉండాలి, రెండూ ఎదురెదురుగా కలిస్తే ఇన్వర్టర్ అక్కడికక్కడే పోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకరు) పెట్టించండి. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు న్యూట్రల్‌ను ట్రైలర్ ఛాసీకి కలపకపోతే ఆ ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే. చాలామంది ఎలక్ట్రీషియన్లు ఇది వదిలేస్తారు. అయితే ఇంటి కరెంటు మీదకు మారగానే ఆ కలయిక తెగిపోయేలా ఉండాలి, ఇది తెలిసినవాళ్ళతోనే చేయించండి.

మీ ఏసీ వెనక లేబుల్ మీద మాక్సిమమ్ ఇన్‌పుట్ ఎన్ని వాట్లు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది. కారు ఏ సంవత్సరానిదో, ఆల్టర్నేటర్ మీద ఎంత రాసి ఉందో కూడా చూసి ఇక్కడ పెట్టండి. ఇన్వర్టర్ సైజు, ఫ్యూజులు, కేబుల్ మందం లెక్క కట్టి చెప్తాను. పఫ్ వేయించారో లేదో రాయడం మర్చిపోకండి, మిగతావన్నీ దాన్ని బట్టే మారతాయి.